రెక్క చూసి నా పేరు రాయకండి

నేను టమాటా ఆకు తొలిచే చిమ్మెటను. ఒళ్లు ఆరేడు మిల్లీమీటర్లు, రెక్కలు చాపితే ఒక సెంటీమీటరు. 1917లో ఎడ్వర్డ్ మేరిక్, పెరూలోని హువాంకాయోలో దొరికిన మగ చిమ్మెటను చూసి నా జాతికి 'అబ్సల్యూటా' అని పేరు పెట్టాడు. 2006లో స్పెయిన్ చేరాను. 2014లో మహారాష్ట్ర టమాటా తోటల్లో బయటపడ్డాను, ఆపైన తెలుగు నేలకూ వచ్చాను. ఇక్కడ నా పోలికలున్న చుట్టం ముందే ఉంది: బంగాళాదుంపను తొలిచే చిమ్మెట. అదీ బూడిద కలిసిన గోధుమ రంగే. నోటి ముందు పైకి వంగిన స్పర్శకాలు దానికీ ఉన్నాయి. అదీ టమాటా, వంగ, బంగాళాదుంపల మీదే బతుకుతుంది.

తాజా చిమ్మెటలను పక్కపక్కన పెడితే తేడా పట్టే కళ్లు కొన్ని ఉంటాయి. కానీ మా రెక్కల రంగంతా పొలుసులే, వేలు తగిలితే పొడిగా రాలిపోతుంది. లింగాకర్షక బుట్టలో జిగురు అట్టకు అంటుకున్న మగ చిమ్మెట రెక్క మీద ఇంక ఏం మిగులుతుంది? రాలిపోని గుర్తు పొట్ట చివర ఉంది. పొట్టను తుంచి కాస్టిక్ పొటాష్ ద్రావణంలో వెచ్చబెడితే కండ కరిగి పెంకు భాగాలు మిగులుతాయి. కుంచెతో శుభ్రం చేసి మైక్రోస్కోపు కింద పెట్టండి. మగది ఆడదాన్ని పట్టుకునే పలకల ఆకారం మా ఇద్దరికీ ఒకటి కాదు. మేరిక్ ఈ భాగాలకు విలువ ఇవ్వలేదు. అతడు నన్ను ఫ్థోరిమియా అనే ప్రజాతిలో ఉంచితే, తర్వాతివాళ్లు మార్చి మార్చి 1994లో టూటా అన్నారు. 2021లో మళ్లీ ఫ్థోరిమియాలోకే చేర్చారు. అంటే పైరూపం చూసిన మేరిక్కే నెగ్గాడా? కాదు. నన్ను వెనక్కి చేర్చింది చుట్టపు జాతుల శరీర నిర్మాణాన్ని పోల్చిన పరిశీలన.

పురుగు ఏదైతేనేం, మందు కొడితే పోదా అంటారు. కానీ పురుగు ఉందని ముందు తెలియాలి కదా. మా ఇద్దరి ఆడవాళ్లూ వదిలే వాసనలు వేరు. చుట్టం ఎర పెట్టిన బుట్ట నాకోసం వేలాడదీస్తే పెద్దగా ఏమీ పడదు, రైతు తోటలో పురుగు లేదనుకుంటాడు. డీఎన్ఏ చదివితే పొట్ట కోసే పనేముందన్నది ఇంకాస్త గట్టి ప్రశ్న. నలిగిన నమూనాకూ గొంగళి దశకూ ఆ పరీక్ష గొప్ప సాయమే. అయితే అది పోల్చేది ముందే దాచిన డీఎన్ఏ వరుసలతో. ఆ వరుసకు తొలిసారి పేరు పెట్టింది చిమ్మెటను పరిశీలించిన మనిషే. అక్కడ పేరు తప్పితే తర్వాతి పరీక్షలన్నీ అదే తప్పును చెబుతాయి. అందుకే బుట్టలో పడ్డవాటిని లెక్కపెట్టి పారేయకండి. అనుమానం వస్తే కొన్నింటిని పొట్ట చెడకుండా తీసి, ఊరూ పైరూ తేదీ రాసి, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి చేర్చండి.