మీ అంచనా తప్పలేదు

అయ్యా, యజమానులారా! హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్‌ని తెచ్చినవారికి, తర్వాత కొన్నవారికి, చివరికి మూటగట్టుకుని తీసుకెళ్ళినవారికి అందరికీ కలిపి సైనిక్‌పురి నుంచి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. కోపంతో రాయబోయి ఆగాను. తిట్లు మీకు ఎటూ అందాయి. మెచ్చుకోలు మాత్రం బాకీ ఉండిపోయింది. అది తీర్చేస్తాను. ఇందులో ఒక్క అబద్ధం ఉండదు.

ముందుగా, తెచ్చినందుకు దండం. 2019 ఆగస్టులో మీరు ఈ ఊరి పేరుని పసుపు చొక్కా మీద రాశారు. ఈ ఊరు అందుకోసం ఎంతకాలంగా కాచుకుని ఉందో మా పక్కనున్న అమ్ముగూడని అడిగితే చెబుతుంది. తులసీదాస్ బలరాం పుట్టింది అక్కడే. 1956లో మెల్‌బోర్న్, 1960లో రోమ్ ఒలింపిక్స్ ఆడి, 1962లో జకార్తా నుంచి ఆసియా క్రీడల బంగారంతో తిరిగొచ్చిన మనిషి. కుర్రతనంలో అమ్ముగూడ నుంచి సిటీకి ఆడటానికి రావడానికి దారి ఖర్చులు లేకపోతే, కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం అద్దె సైకిల్‌కి తన జేబులోంచి డబ్బులిచ్చారట. ఆ రహీం సాబ్ దగ్గరే సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు ఎత్తింది. ఆ తరం వెళ్ళిపోయాక మా పెద్దవాళ్ళకి మిగిలింది కబుర్లే. 2023 ఫిబ్రవరిలో బలరాం గారు కన్నుమూసినప్పుడు ఆయన పుట్టిన ఊరి జట్టు దేశంలోకెల్లా పెద్ద లీగ్‌లో రెండో స్థానంలో ఉంది. అది మీ చలవే. ఎవరు కాదన్నా నేను ఒప్పుకుంటాను.

మొదటి ఏడాది 18 ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచాం. మీరు కంగారు పడలేదు. మరుసటి ఏడు మనోలో మార్కెజ్‌ని తెచ్చి, పేరు తెలియని కుర్రాళ్ళని ఆయన చేతిలో పెట్టి, ఆయన పని ఆయన్ని చేసుకోనిచ్చారు. ఈ దేశంలో యజమానులకి ఆ ఓపిక అరుదు. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్. గ్యాలరీ నిండా పసుపే, అది ఎదుటి జట్టు కేరళవాళ్ళ పసుపు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన గోల్‌తో సమం అయింది. పెనాల్టీల్లో మన గోలీ కట్టిమని మూడు ఆపి గెలిపించాడు. కోవిడ్ వల్ల రెండు సీజన్లుగా ఆటలన్నీ గోవాలోనే జరిగాయి కాబట్టి మేం ఆ జట్టుని కళ్ళారా చూసింది లేదు. టీవీలో చూసే ఏడ్చాం. మా వీధిలో ఆ రాత్రి దీపావళికి మిగిలిపోయిన టపాకాయలు కాల్చారు.

ఆ తర్వాతి సీజన్‌లో గచ్చిబౌలికి వచ్చిన జనం గురించి మీకు చెప్పాలి. మీరు పైన వీఐపీ స్టాండ్‌లో ఉంటారు, కింద ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో మీకు కనపడదు. మాది ఊరికి ఈ కొస, స్టేడియం ఆ కొస. ఈసీఐఎల్ దగ్గర బస్సెక్కి ఉప్పల్, ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గం, అక్కడి నుంచి ఆటో. ఏడున్నరకి ఆటంటే మధ్యాహ్నం నుంచే గడియారం చూసుకోవాలి. మాతోపాటు నాచారంలో ఫ్యాక్టరీ పని చేసే అతనొకడు వచ్చేవాడు. షిఫ్ట్ మార్చుకోవడానికి తోటివాళ్ళకి రెండు ఆదివారాలు రాసిచ్చేవాడు. ఆట అయ్యీ అవ్వగానే ఆఖరి మెట్రో కోసం పరుగు. బండెక్కాక అతను మెడలో పసుపు మఫ్లర్ తీసి, చాలా జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి, టిఫిన్ డబ్బా ఉన్న సంచిలో పైన పెట్టేవాడు. కింద పెడితే కూర మరకవుతుందని. అంత దూరం, అంత రాత్రి, అయినా మళ్ళీ ఆటకి వస్తాం అని మీరు లెక్క వేసుకున్నారు. మీ అంచనా తప్పలేదు. వచ్చాం.

ఇంకా పెద్ద అంచనా 2023-24లో వేశారు. ఆటగాళ్ళ జీతాలు ఆగాయి. పాత బాకీల మీద ఫిఫా కొత్తవాళ్ళని తీసుకోకుండా నిషేధం పెట్టింది. కోచ్ వెళ్ళిపోయాడు. విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, జోవావో విక్టర్ తప్ప. మన పెద్ద ఆటగాళ్ళూ పోయారు. మిగిలిన కుర్రాళ్ళు జీతం లేకపోయినా చొక్కా వేసుకుని మైదానంలోకి దిగుతారని మీరు నమ్మారు. దిగారు. 22 ఆటల్లో ఒక్కటే గెలిచారు, 8 పాయింట్లు. ఆ ఒక్క గెలుపూ చెన్నైలో. ఆ రోజు వాళ్ళు ఒకరినొకరు కావలించుకున్న తీరు చూస్తే కప్పు గెలిచినవాళ్ళలాగే ఉన్నారు. మనుషుల్ని ఇంత సరిగ్గా చదివినవాళ్ళని నేను చూడలేదు. ఆట మీద ప్రేమ ఉన్నవాడు కడుపు కాలుతున్నా ఆడతాడని మీకు తెలుసు. రహీం సాబ్‌కీ ఇదే తెలుసు. తెలిసినందుకే ఆయన సైకిల్ అద్దె ఇచ్చారు.

2024లో కొన్నవారికి వేరే నమస్కారం. కూలిపోతున్న ఇల్లు కొన్నారు. మీరు రాకపోతే ఆ ఏడాదే తలుపులు మూసేవాళ్ళేమో. ఒక సీజన్ నడిపారు. 2025 అక్టోబరులో దాన్ని ఢిల్లీకి మార్చి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టారు. రాజధానికి 2019 నుంచి ఈ లీగ్‌లో జట్టు లేకుండా పోయింది. అప్పటిదాకా ఉన్న ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్ళి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఢిల్లీ వాళ్ళ ఆ లోటు మీరు గుర్తించారు. వాళ్ళ తరఫున సంతోషించడానికి నేను నిజంగానే ప్రయత్నించాను.

ప్రయత్నిస్తుంటే పుణె గుర్తొచ్చింది. ఈ మాట యజమానులకి కాదు, మనకి. 2019లో మన క్లబ్ పుట్టింది పుణె సిటీ మూతపడ్డ చోటనే. అక్కడి ఆటగాళ్ళు చాలామంది ఇక్కడికి వచ్చారు. ఆ నవంబరులో కేరళ మీద మొదటి సొంత ఆట గెలిచి గచ్చిబౌలిలో గంతులేసినప్పుడు, పుణెలో ఎవరో ఒకరు నారింజ రంగు చొక్కా మడతపెట్టి బీరువాలో అడుగున పెట్టి ఉంటారని మనలో ఒక్కడికీ తట్టలేదు. వాళ్ళకి క్షమాపణ చెప్పాల్సింది అప్పుడే. ఇప్పుడు చెబుతున్నాను.

మా మేనల్లుడు ఇంగ్లండ్‌లో ఉంటాడు. అక్కడి ఒక క్లబ్‌కి సీజన్ టికెట్ ఉంది. ఏటా ధర పెంచుతూ ఉత్తరం వస్తుంది. ఫలానా తేదీలోగా కట్టకపోతే సీటు వరసలో వెనకున్నవాడికి పోతుంది. వాడు ఫోన్ చేసి గంటసేపు తిట్టి, చివర్లో "ఏం చేస్తాం మామా, కట్టేశా" అంటాడు. వాడి బాధ నాకు అర్థమవుతుంది. కానీ వాడి చేతిలో ఒకటి ఉంది: కట్టను అనే మాట. 2016లో లివర్‌పూల్‌లో టికెట్ 77 పౌండ్లు చేస్తామంటే వేలమంది 77వ నిమిషంలో లేచి బయటికి నడిచారు. యజమానులు దిగొచ్చారు. వింబుల్డన్ క్లబ్‌ని మిల్టన్ కీన్స్‌కి తరలించడానికి 2002లో అనుమతి వస్తే అభిమానులు ఆ ఏడే తమ క్లబ్ తాము పెట్టుకున్నారు. జర్మనీలో క్లబ్ ఓట్లలో సగానికి పైన సభ్యులవే ఉండాలన్న నియమం ఉంది, ఒకటి రెండు మినహాయింపులతో. మాకు లేచి బయటికి నడవడానికి ఆట లేదు. కట్టను అనడానికి ఉత్తరమే రాలేదు. వచ్చి ఉంటే, ధర రెండింతలు చేసినా, నాచారం అతనూ నేనూ కట్టేవాళ్ళం. అదీ మీకు తెలుసు.

మన అభిమానుల బృందం డెక్కన్ లీజియన్ వాళ్ళ డప్పులు మీకు గుర్తుండే ఉంటాయి. ఓడిపోయిన సీజన్‌లో ఖాళీ గ్యాలరీలో ఆ చప్పుడు ఎదుటి గోడకి తగిలి తిరిగొచ్చేది. జట్టు 3 గోల్స్ వెనకున్నా ఆపలేదు. ఆ పిల్లలకి మీరు జీతం ఇవ్వలేదు, ఇవ్వాలని వాళ్ళూ అనుకోలేదు. క్లబ్ కాగితం మీద మీదే. చట్టం అదే అంటుంది. మీరు కొన్నారు, అమ్మారు, ఎత్తుకుపోయారు. డప్పులు మాత్రం ఇక్కడే ఉన్నాయి.

నిన్న సాయంత్రం మా కాలనీ గ్రౌండ్‌లో పదేళ్ళ పిల్లాడు పసుపు చొక్కా వేసుకుని ఆడుతున్నాడు. అన్నది కాబోలు, మోకాళ్ళ దాకా వేలాడుతోంది. ఉతికి ఉతికి వెనక అంకె సగం ఊడిపోయింది. గోల్ కొట్టి, చొక్కా మీదున్న బొమ్మని ముద్దు పెట్టుకున్నాడు, టీవీలో వాళ్ళు చేసినట్టే.

ఢిల్లీలోనూ ఇలాంటి పిల్లలుంటారు. కొత్త చొక్కాలు కొనుక్కుంటారు, మెట్రోలో ఊరి ఆ కొస నుంచి ఈ కొసకి వస్తారు, ఓడినా వస్తారు. ఈసారైనా వాళ్ళని విడిచి వెళ్ళకండి. వాళ్ళు వస్తారన్న మీ అంచనా మాత్రం అక్కడా తప్పదు.