హిమాయత్‌నగర్ ప్రపంచ బ్యాంకు

చిన్న వ్యాపారి ఎదగాలంటే సర్కారు కాంట్రాక్టు పట్టాలట. ఈ వారం కూడా ఆ మాట అననే అన్నారు. ఎవరన్నారో, ఏ వేదిక మీద అన్నారో మళ్లీ రాసి కాగితం ఖరాబు చేయను, మీరూ చదివే ఉంటారు. నేనైతే చదివి పొంగిపోయాను. అది అక్షరాలా నిజం మరి. సర్కారు పని పట్టిన చిన్న వ్యాపారి ఎంత ఎదుగుతాడంటే, రెండేళ్లు తిరిగేసరికి ఏకంగా బ్యాంకు అయిపోతాడు.

నమ్మకం కుదరకపోతే హిమాయత్‌నగర్ రండి. లిబర్టీ పక్కనున్న షాపుల హిమాయత్‌నగర్ కాదు, మొయినాబాద్ మండలంలో, చిలుకూరు బాలాజీ దగ్గరికి పోయే తోవలో ఉన్నది. ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టి ఎదుగుదామంటే జంట జలాశయాల కోసం 1996లో తెచ్చిన జీవో 111 అడ్డం. 84 ఊళ్లకు ఆ కట్టడి. 2022లో సడలించామన్నారు, 2023లో ఎత్తేశామన్నారు. అది ఉన్నదో పోయిందో భూమి అమ్మేవాడికి ఒకలా, కొనేవాడికి ఒకలా వినబడుతుంది. ఆ కథ ఇంకోసారి. ఇలాంటి చోట నాలుగు సెంట్రింగ్ పలకలు, ఒక కాంక్రీటు మిల్లర్ ఉన్న కుర్రాడు ఏం చేస్తాడు? కాంట్రాక్టరుగా రిజిస్ట్రేషన్ చేయించుకుని, బడి ప్రహరీ గోడకు లెస్‌లో టెండర్ వేస్తాడు. పని దక్కుతుంది. బ్యాంకు ప్రారంభోత్సవం అదే.

మూలధనం అంటారా, పుస్తెలతాడు వదిలేసి ఇంటావిడ ఒంటి మీది మిగతా బంగారం. డిపాజిటర్లు అంటారా, సిమెంటు సేటు, ఇనుము సేటు, కంకర టిప్పర్ యజమాని, పాడుకున్న చిట్టీ డబ్బు చేతిలో పెట్టిన బామ్మర్ది, నూటికి మూడు రూపాయల వడ్డీ ఫైనాన్స్ వాడు. ఇసుక లారీవాడికి మాత్రం ఈ బ్యాంకు మీద నమ్మకం లేదు, నగదు లెక్కపెట్టుకున్నాకే ఇసుక దింపుతాడు. మేస్త్రీలు, కూలీలు వారం తిరిగేసరికి విత్‌డ్రాయల్‌కు వస్తారు. వాళ్లకు టోకెన్ నంబరు ఇచ్చి మార్చి అయినాక రమ్మంటే వినరు.

అప్పు తీసుకునే ఖాతాదారు మాత్రం ఒక్కరే. ప్రభుత్వం.

ఇప్పుడు షరతులు చూడండి. ఇదే ప్రభుత్వానికి బజారులో డబ్బు కావాలంటే రిజర్వ్ బ్యాంకు మంగళవారం బాండ్ల వేలం వేస్తుంది. అటూఇటుగా ఏడు శాతం వడ్డీ, తీర్చే తేదీ ముందే రాసివ్వాలి. ప్రపంచ బ్యాంకుకు పోతే సవాలక్ష షరతులు, మధ్య మధ్య తనిఖీ బృందాలు. హిమాయత్‌నగర్ బ్యాంకులో వడ్డీ సున్నా, గడువు మీ ఇష్టం. తాకట్టు ఉంది గానీ అదీ అప్పిచ్చినవాడే పెడతాడు. టెండరప్పుడు కట్టే బయానా డిపాజిట్ ఈఎండీ, బిల్లులో కోసుకునే సెక్యూరిటీ డిపాజిట్ ఎఫ్‌ఎస్‌డీ అవే. 2022 జులైలో ప్రభుత్వ పనుల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. బిల్లు రాసినందుకు అది కట్టాలి, డబ్బు చేతికొచ్చినా రాకపోయినా. అప్పిచ్చి, అప్పిచ్చినందుకు పన్ను కట్టే బ్యాంకు స్విట్జర్లాండ్‌లో ఒకటుంటే చూపించండి.

ఇచ్చిన అప్పు వసూలయ్యే పద్ధతి కూడా ఘనమే. పని కొలతలు ఎంబీకి, అంటే కొలతల పుస్తకానికి ఎక్కాలి. ఇంజనీర్లలో ఏఈ రాయాలి, డీఈ చూడాలి, ఈఈ సంతకం పెట్టాలి, క్వాలిటీ కంట్రోల్ వాళ్లు గోడను తట్టాలి. ఆ పైన బిల్లులు చెల్లించే పీఏవో ఆఫీసు, అక్కడొక టోకెన్. “సార్, నా టోకెన్ ఏమాయె?” “పైనుంచి రిలీజ్ కాలే అన్నా, మల్ల రా.” లోకంలో ప్రాసెసింగ్ ఫీజు అప్పు తీసుకునేవాడు కడతాడు, ఇక్కడ ఇచ్చినవాడు కడతాడని గిట్టనివాళ్లు అంటారు. అది ఎంత శాతమన్నదాని మీద 2025 మార్చిలో అసెంబ్లీలో రెండు వైపులా గొంతులు చించుకున్నారు గనక నేను దూరను. పక్కనే చిలుకూరులో దేవుడు హుండీ పెట్టుకోలేదు, పదకొండు ప్రదక్షిణలకే కోరిక వింటాడు. అంతకు మించి ఒక్క మాట అనను.

అదే నెలలో చిన్న కాంట్రాక్టర్లు సచివాలయంలో ఆర్థిక మంత్రి ఛాంబర్ ముందు బైఠాయిస్తే పత్రికలు ధర్నా అని రాశాయి. తప్పు. అది బ్యాంకర్ల సమావేశం.

చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థకు 45 రోజుల్లో డబ్బివ్వాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. ఇది విని మా బ్యాంకు చైర్మన్ మిఠాయిలు పంచబోతే వకీలు చెయ్యి పట్టుకుని ఆపాడు. గోడ కట్టడం సరుకూ కాదు, సేవా కాదు, వర్క్స్ కాంట్రాక్టు. అది ఈ చట్టం కిందికి రాదని బొంబాయి హైకోర్టు లాంటివి తీర్పులిచ్చాయి. చిన్న సంస్థల దగ్గర 25 శాతం కొనాలన్న నియమం సంగతి? అది కేంద్ర శాఖలకు, కేంద్ర సంస్థలకు. మొత్తమ్మీద బడికి బల్లలు అమ్మితే నువ్వు పారిశ్రామికవేత్తవు, ఆ బల్లలు వేసుకునే గది కడితే నీ కర్మ.

ఈ బ్యాంకుకు శాఖలకేం తక్కువ లేదు. ఆంధ్రలో నీరు–చెట్టు పథకం పేరుతో ఒక శాఖ ఉండేది, 2019లో ప్రభుత్వం మారగానే బిల్లుల కోసం హైకోర్టు మెట్లెక్కింది. ఇక్కడ మన ఊరు–మన బడి పథకం పేరుతో శాఖను 2022 మార్చిలో తెరిచారు. 26 వేలకు పైగా బడులు, 7,289 కోట్లు అన్నారు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది, బిల్లు పేరు పాత బకాయి అయింది.

ఏది పాత బకాయి? వాడు కేసీఆర్ ఇంటికి గోడ కట్టాడా, రేవంత్ ఇంటికి కట్టాడా? పిల్లల బడికి కట్టాడు. ఆ గోడ లోపలే ఈ ప్రభుత్వమూ ఆగస్టు పదిహేనున జెండా ఎగరేస్తోంది. పాత ప్రభుత్వం అమ్మిన బాండ్లకు వడ్డీ ఒక్క రోజు ఆపి చూడమనండి! ఆపరు. అవతల రిజర్వ్ బ్యాంకు ఉంది. ఇవతల ఉన్నది సెంట్రింగ్ పలకలవాడు, వాడేం చేస్తాడన్న ధీమా. వాడేం చేస్తాడో కూడా చూశాం. చేసిన పనులకు బిల్లులు రాక మాజీ సర్పంచులు ప్రాణాలు తీసుకున్న వార్తలు జిల్లా పేజీల్లో సింగిల్ కాలమ్‌లో వచ్చాయి. అసలు బ్యాంకు మునిగితే డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా ఉంది. ఈ బ్యాంకు మునిగితే ఇంటి ముందు ఫైనాన్స్ వాడి బండి ఆగుతుంది.

ఎవరికి ఎంత, ఏ తేదీ నుంచి, ఏ బల్ల మీద ఆగిందో మండలాల వారీగా జాబితా అతికించండి. టోకెన్ వరస తప్పకుండా, చిన్న బిల్లులు ముందు, ఆలస్యానికి వడ్డీ కలిపి చెల్లించండి. అప్పటిదాకా మైకు ముందు ఎదగమని చెప్పకండి. వినేవాళ్లలో మీకు అప్పిచ్చి ఇల్లు అమ్ముకున్నవాడు కూర్చుని ఉంటాడు.