స్మూత్ చేశాం సార్: సటీకా తాత్పర్యం

మూలం: "మామూలుగా ఉంటే ఫీల్ రాదు సార్. ప్రతి క్లిప్పుకీ ఎఫెక్టు వేసి, కీఫ్రేములు కొట్టి, స్లోమో పెట్టి మొత్తం స్మూత్ చేశాం."

అవతారిక: మా మేనకోడలి పెళ్లి వీడియో చేతికిస్తూ స్టూడియో ఎడిటరు సెలవిచ్చిన వాక్యమిది. కావ్యం మూడు గంటలు సాగుతుంది. దానికంటే ఈ సూత్రమే గంభీరంగా ఉన్నందున సూత్రానికే టీక రాస్తున్నాం.

సార్: స్పష్టం.

ప్రతి క్లిప్పుకీ ఎఫెక్టు వేసి: ఎఫెక్టులు ద్వివిధాలు. నిత్యాలు, కామ్యాలు. ప్రీమియర్ ప్రోలో మోషన్, ఒపాసిటీ, టైమ్ రీమ్యాపింగ్ అనేవి వీడియో క్లిప్పుతో పాటే పుడతాయి. తీసిపారేయడం ఎవరి తరమూ కాదు కనుక అవి నిత్యాలు. క్రాప్, బ్లర్, గ్లో వగైరాలు మనం కోరి తెచ్చుకున్నవి, కామ్యాలు. ఇవి పేర్చిన వరసలో పైనుంచి కిందికి ఫలిస్తాయి. వీటి పని ముగిశాకే నిత్యాల వంతు. వరస మారితే ఫలమూ మారుతుంది. ముందు క్రాపు, తర్వాత బ్లరు అయితే అంచు కూడా మసకబారుతుంది. ముందు బ్లరు, తర్వాత క్రాపు అయితే బొమ్మ మసక, అంచు మాత్రం పదును.

ఇక 'ప్రతి' అన్న మాట. పెళ్లికూతుర్ని బుట్టలో తెచ్చే ఘట్టానికి కూర్చిన గ్లోనూ జూమునూ కాపీ చేసి, పేస్ట్ ఆట్రిబ్యూట్స్ అనే ఒక్క మీటతో అన్నింటికీ అంటించారని గ్రహించాలి. లేకుంటే బంతిలో సాంబారు కలుపుకుంటున్న మా బావగారు అంత దివ్యతేజస్సుతో మన మీదికి దూసుకురావడానికి వేరే హేతువు కనబడదు.

కీఫ్రేములు కొట్టి: ఒంటి కీఫ్రేము వల్ల ఒరిగేదేమీ లేదు. స్కేలు 100 అని ఒకటి పెడితే బొమ్మ 100 దగ్గరే కూర్చుంటుంది. రెండు సెకన్ల అవతల 120 అని ఇంకోటి పడ్డప్పుడే కదలిక పుడుతుంది. తార్కికులు ఆకాంక్ష అన్నది దీన్నే. మన అన్నంభట్టు 'తర్కసంగ్రహం'లో వాక్యానికి అర్థం కుదరాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలన్నాడు. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరసపెట్టి చదివితే ఒకదానికొకటి అక్కర్లేదు, వాక్యం కాదు. నిప్పుతో తడపమంటే యోగ్యత లేదు. ఇప్పుడొక మాట, జాము గడిచాక ఒక మాట పలికితే సన్నిధి లేదు. అంత చిన్న పుస్తకంలో ఇంత తేటగా చెప్పినవాడు మళ్లీ దానికి 'దీపిక' అని తానే టీక రాసుకున్నాడు. ఇతరులు ఏం రాస్తారోనన్న బెంగ కాబోలు! మంచిదే అయింది. ఆ బెంగ లేనివారి గ్రంథాలు ఎవరెవరి చేతుల్లో పడ్డాయో లోకానికి తెలుసు. దీపిక దగ్గర పెట్టుకుని మూలం చదవడంలో ఉన్న సుఖం...

ఎక్కడున్నాం? యోగ్యత. అప్పగింతల్లో మా చెల్లెలు కూతురి చేతులు పాలలో ముంచి వియ్యపురాలి చేతిలో పెడుతూ ఏడుస్తోంది. ఆ క్లిప్పుకి బౌన్స్ ఎఫెక్టు వేశారు. ఏడుపు ముఖం మూడుసార్లు ఎగిరి కుదుటపడింది. మామూలుగా ఉంటే ఫీల్ రాదట! ఆ ముఖాన్ని పది సెకన్లు కదపకుండా ఉంచాలంటే, ముందు ఎవరో ఒకరు కూర్చుని ఫుటేజీ అంతా చూసి, ఆ పది సెకన్లు ఏవో ఏరుకోవాలి. ఎఫెక్టుకి ఆ శ్రమ అక్కర్లేదు.

స్లోమో పెట్టి: ఇది పాఠపరిష్కర్తలు చూడవలసిన ఘట్టం. కెమెరా సెకనుకు 25 ఫ్రేములు తీసింది. దాన్ని 20 శాతం వేగానికి దించితే తెరమీద సెకనుకు అసలు ఫ్రేములు ఐదే. తక్కిన 20 ఆప్టికల్ ఫ్లో అనేది ముందువెనకలు చూసి కల్పించినవి. ప్రక్షిప్తాలన్నమాట. పుణెలో భండార్కర్ సంస్థవారు ఎన్నో ప్రతులు పోల్చి 1966లో ముగించిన మహాభారత ముద్రణలో, ప్రక్షిప్తాలనుకున్న శ్లోకాలను పేజీ అడుగుకు దించి గుర్తు పెట్టారు. ఇక్కడ ఐదింట నాలుగు పాళ్లు కల్పితం, గుర్తు ఒక్కటీ లేదు. తత్ఫలితంగా మూడో ముడి వేస్తుండగా పెళ్లికొడుకు చూపుడువేలు పసుపుతాడులో కరిగిపోయి, పూలజడలోంచి మళ్లీ మొలిచింది. నెమ్మదిగా చూపాలని ముందే అనుకుంటే సెకనుకు 100 ఫ్రేములు తీయవచ్చు. నాలుగో వంతు వేగానికి దించినా ప్రతి ఫ్రేమూ కెమెరా చూసిందే అవుతుంది. ఆ క్షణాన మోగిన గట్టిమేళమైనా దక్కిందా అంటే, సాగదీస్తే బాగుండదని తీసేసి సినిమా పాట వేశారు.

మొత్తం స్మూత్ చేశాం: ఇందులో 'మొత్తం' యథార్థం.

పాఠనిర్ణయం: మూలంతో సరిచూద్దామని ముడి ఫుటేజీ అడిగాను. హార్డ్ డిస్కు నిండిందని చెరిపేశారట. కాబట్టి మూలం లుప్తం. వ్యాఖ్యానం మాత్రం రెండో పెన్‌డ్రైవ్‌లో కూడా దొరుకుతుంది, దానికి వేరే చార్జీ.