చేరని అరటి: సటీకా తాత్పర్యం

మూలం: “చక్కెరకేళి, అమృతపాణి, కర్పూరం, బొంత – వీటిలో చేరనిదేది?”

అవతారిక: పోటీపరీక్షల పుస్తకాల్లో ‘భిన్న పరీక్ష’ అనే ప్రకరణం ఉంటుంది. నాలుగింటిని నిలబెట్టి ఒకదాన్ని వెలివెయ్యమంటుంది. ఆ అచ్చులో పోసినదే ఈ మూలం. గౌతమి ఒడ్డున రావులపాలెం అరటి మార్కెట్టు ఉండగా ఉదాహరణకు మరో పండెందుకు?

ప్రతిపదార్థం: చక్కెరకేళి, అమృతపాణి, కర్పూరం = ఒలుచుకు తినే పళ్లు; బొంత = కూరకూ బజ్జీకీ వచ్చేది; చేరనిది = (ఎందులో చేరనిదో మూలకారుడు చెప్పలేదు); ఏది = జవాబు ఒక్కటేనన్న ధీమా.

తాత్పర్యం: వంటింట్లో అడిగితే బొంత. తడుముకునే పనే లేదు. గెలలు లారీకెక్కించే వర్తకుడు అమృతపాణి అనవచ్చు. పండగానే గెల నుంచి రాలిపోయే కాయ ఒడిశా దాకా ప్రయాణానికి పనికిరాదు. వృక్షశాస్త్రజ్ఞుడు చక్కెరకేళి అంటాడు. అది మ్యూసా అక్యుమినేటా అనే అడవి అరటి సంతతి మాత్రమే. మిగిలిన మూడింటిలో మ్యూసా బాల్బిసియానా అనే మరో అడవి అరటి అంశ కూడా ఉంది. కర్పూరానికి వకాల్తా పుచ్చుకునేవాడు ఇంకా రాలేదు గాని, వెతికితే దొరకకపోడు. ఏ లక్షణం ముఖ్యమో ముందే నిర్ణయించుకోకపోతే ఏ రెండు వస్తువులను తీసుకున్నా వాటి ఉమ్మడి లక్షణాల సంఖ్య సమానమేనని భౌతికశాస్త్రవేత్త సతోసి వతనబే 1969లో లెక్కకట్టి చూపాడు. మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ చేసిన కాళిదాస వ్యాఖ్యాత మల్లినాథసూరి ఈ ప్రశ్న దగ్గర గంటం కింద పెట్టేవాడు. జవాబు తేల్చే సూత్రం మూలంలో లేదు, ప్రశ్న కూర్చినవాడి మనసులో ఉంది. కాబట్టి ఇక్కడ పరీక్షకు నిలిచేది ఆలోచన కాదు, పరాయి మనసును పసిగట్టే నేర్పు.

దీనిమీద తార్కికుడి పూర్వపక్షం: కూరకు పనికిరావడం ఉపాధి, మనం తగిలించినది, పుట్టుక జాతి, ఉన్నది, కనుక చక్కెరకేళే సిసలైన జవాబు. సరే, పుట్టుకనే ప్రమాణం చేద్దాం. అక్యుమినేటాను ‘ఎ’, బాల్బిసియానాను ‘బి’ అంటే చక్కెరకేళి ఎఎఎ, అమృతపాణి, కర్పూరం ఎఎబి, బొంత ఎబిబి. ‘బి’ అసలు ఉందా అని చూస్తే చక్కెరకేళి విడిపోతుంది. ఏ పాలు ఎక్కువని చూస్తే బొంత విడిపోతుంది. జాతి దగ్గరికి పోయినా సూత్రం ఎంచుకోక తప్పలేదు.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఇంకొకటుంది. వస్తువును వాడుక నుంచి విడదీసి చూడటం చదువు నేర్పే విద్య, దాన్ని పరీక్షిస్తే తప్పేమిటని. 1931–32లో మనస్తత్వవేత్త లూరియా ఉజ్బెకిస్తాన్ రైతుల ముందు సుత్తి, రంపం, దుంగ, గొడ్డలి బొమ్మలు పెట్టి, చేరనిదేదని అడిగాడు. చదువులేనివాళ్లు దుంగను తీసెయ్యడానికి ఒప్పుకోలేదు; అది లేకపోతే రంపానికి పనేముంది? కాస్త చదువు తగిలినవాళ్లు పనిముట్లను వేరుచేశారు. చదువు తెచ్చిన తేడా అక్కడ కనిపిస్తూనే ఉంది, కాదనలేం. అయితే ఆ రైతుల సూత్రం వేరు, తర్కం తక్కువ కాదు. ఒక సూత్రం మీంచి మరోదాని మీదికి మారగలగడమే చదువు ఇచ్చే లాభమైతే, ఒక్క గడి నల్లగా దిద్దించే పరీక్ష దాన్ని చూడనే చూడదు. గుడ్డిగా బొంత అన్నవాడికి మార్కు పడుతుంది. కారణం తెలిసి చక్కెరకేళి అన్నవాడికి సున్న, కొన్ని పరీక్షల్లో కోత కూడా.

పాఠాంతరం: “ఒలుచుకు తినే పళ్ల లెక్కన చూస్తే, వీటిలో చేరనిదేది?” అని సవరిస్తే మూలం నిలబడుతుంది. లేదా నాలుగూ చేరనివే, ఏది ఏ లెక్కన చేరదో చెప్పమనాలి. అప్పుడు పరీక్షార్థులు కర్పూరం దగ్గర ఎంతసేపు ఆగుతారో చూడవచ్చు.