ఒకటి పట్టిందన్నా!

2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు మా వైపు ఒక్కొక్కరు ఒక్కో పని చేశారు. బోరు వేయించినవాళ్లున్నారు. కూతురి పెళ్లి ముందుకు జరుపుకున్నవాళ్లున్నారు. అప్పిచ్చినవాడు ఎదురుపడితే సందులోకి తప్పుకోకుండా, తామే ముందు పలకరించినవాళ్లున్నారు. నేను పికప్పు బండికి అల్లాయ్ చక్రాలు కొన్నాను.

మా బండి ఇసుజు డి-మాక్స్, సెకండ్ హ్యాండ్. పుట్టింది శ్రీసిటీలో. 2016లో అక్కడ ఆ ఫ్యాక్టరీ తెరిచినప్పుడు శ్రీసిటీ మా చిత్తూరు జిల్లాదే. 2022 ఏప్రిల్లో జిల్లాలు పంచినప్పుడు అది తిరుపతి వాటాకు పోయింది, మా పలమనేరు చిత్తూరుకే మిగిలింది. పుట్టింటి జిల్లా మారిపోయిందన్న దిగులో ఏమో, బండి ఇనుప చక్రాలకు తుప్పు మొదలైంది. నిజానికి రంగు కొట్టిస్తే సరిపోయేది. ఆ మాట మా ఆవిడ అప్పుడే చెప్పింది. ఇక్కడ రాస్తున్నాను గానీ ఆమె ముందు ఇంతవరకు ఒప్పుకోలేదు.

పలమనేరు వాడికి ఏ పిచ్చి పుట్టినా బెంగళూరు పోయే తీర్చుకుంటాడు. నంగిలి దాటి, ముళబాగిలులో దోసె తిని, మధ్యాహ్నానికల్లా పాత సామాన్ల సందులో నిలబడ్డాను. నల్లటి చక్రాలు, అంచుకు వెండిరంగు గీత, పదహారు అంగుళాలవి, నాలుగు. చూడగానే మనసు జారిపోయింది.

"పీసీడీ ఎంత సార్?" అన్నాడు అమ్మేవాడు.

అది అడుగుతారని తెలుసు. రాత్రంతా చదువుకుని పోయినవాణ్ణి. చక్రం బిగించే బోల్టుల నడిబొడ్డుల మీదుగా ఒక వృత్తం గీస్తే, ఆ వృత్తం అడ్డకొలతే పీసీడీ. మా బండికి 139.7 మిల్లీమీటర్లు. చూడటానికి జ్వరం డిగ్రీల్లా ఉన్నా, అదేమీ వింత లెక్క కాదు. ఐదున్నర అంగుళాలను మిల్లీమీటర్లలోకి మారిస్తే వచ్చేది అదే. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపు బోల్టులదీ ఐదున్నర అంగుళాల వృత్తమే. మన మారుతి జిప్సీదీ అదే. అందుకని నేను సంధ్యావందనం మంత్రం చెప్పినట్టు, "నూటముప్పై తొమ్మిది పాయింట్ ఏడు" అన్నాను.

"ఇవీ అంతే" అన్నాడు.

అతను అబద్ధం చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అవి జిప్సీకి పట్టే చక్రాలు. జిప్సీకి ఐదు బోల్టులు, మా బండికి ఆరు. పంచపాండవులు ఎందరంటే మంచంకోళ్లలా ముగ్గురన్నవాడు కనీసం లెక్కపెట్టబోయాడు. మేమిద్దరం ఆ ప్రయత్నం కూడా చేయలేదు. పాయింట్ తర్వాత అంకె దాకా సరిచూసుకున్నాం గానీ, చేతి వేళ్లతో అయ్యే లెక్క మరిచిపోయాం.

మర్నాడు పొద్దున పంచర్ షాపు ముందు బండికి జాకీ పెట్టారు. ఇనుప చక్రం ఊడింది. కుర్రవాడు కొత్త చక్రం ఎత్తి హబ్బు మీద పెట్టాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మోకాలు ఆనించి నెట్టాడు. కాసేపటికి మొహం వెలిగిపోయింది.

"అన్నా, ఒకటి పట్టింది!"

నిజంగానే పట్టింది. ఆరింటిలో ఒక బోల్టు ఒక బొక్కలోంచి తల బయట పెట్టి మమ్మల్ని చూస్తోంది. తక్కిన ఐదూ లోపలే ఉండి చక్రాన్ని వెనక్కి నెడుతున్నాయి.

టీ అంగడి ఎదురుగానే ఉండటం నా దురదృష్టం. గ్లాసులు పట్టుకుని నలుగురు వచ్చారు. ఎవరూ పిలవలేదు. ఒకాయన, "ఆ ఒక్కదాన్నే గట్టిగా బిగించరాదా?" అన్నాడు. ఇంకొకాయన, "బొక్కల్ని కాస్త పెద్దవి చేస్తే అన్నీ పడతాయి" అన్నాడు. వాటిని ఎంత పెద్దవి చేయాలో అరచేతులతో చూపించాడు కూడా. ఆ లెక్కన చక్రంలో బొక్కలు తప్ప చక్రం మిగలదు. రిజిస్ట్రేషన్ కాగితాలు రాసే పెద్దమనిషి మాత్రం చక్రం వైపు చూడనే లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అన్నాడు, కంపెనీ చేసినదానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పిందన్నాడు, నా టీకి కూడా తనే డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. జాలి పడ్డాడని అర్థమైంది.

చివరికి అందరూ కలిసి నన్ను లేత్ షాపు భాయ్ దగ్గరికి పంపారు. ఐదు బోల్టుల చక్రాన్ని ఆరు బోల్టుల హబ్బుకు కలిపే పళ్లెం ఒకటి ఉంటుంది, అడాప్టర్ అంటారు, అది చేయించుకోమన్నారు. పళ్లేన్ని ముందు బండి బోల్టులకు బిగించాలి. ఆ పళ్లేనికి ఉన్న వేరే బోల్టులకు చక్రం బిగించాలి. వినడానికి వియ్యాలవారి మధ్య మధ్యవర్తిలాగా బాగుంది.

భాయ్ లేత్ ఆపలేదు. నేను చెప్పిందంతా విని, సుద్దముక్క తీసుకుని నేల మీద ఒక వృత్తం గీశాడు. దాని మీద సమానదూరంలో ఆరు చుక్కలు పెట్టాడు. అదే వృత్తం మీద ఐదు అడ్డగీతలు పెట్టాడు.

"చూడు సామీ. వలయం ఒకటే. దాని మీద ఆరుమంది కూచోనుండారు. అదే వలయం మీద ఇంకా ఐదుమందిని కూచోబెట్టమంటావు. యాడో ఒకచోట ఒకరు ఇంకొకరి ఒళ్లో కూచోవల్సిందే."

నేను సుద్దముక్క తీసుకుని ఐదింటినీ కొంచెం పక్కకు జరిపాను. ఇంకో రెండుచోట్ల ఒళ్లో కూర్చున్నారు. మళ్లీ జరిపాను. ఎటు జరిపినా ఏదో ఒక గీత ఏదో ఒక చుక్కకు ఏడున్నర మిల్లీమీటర్ల లోపలే ఉంటోంది. బోల్టు మందమే అంతకంటే ఎక్కువ.

"కొలత వేరేదైంటే సులువు" అన్నాడు భాయ్. "ఒకరు లోపలి వలయంలో, ఒకరు బయటి వలయంలో కూచుంటారు. నీది అచ్చం ఒకటే కొలత. అదే వచ్చింది తంటా."

నేను రాత్రంతా మేలుకుని సంపాదించిన ఒకే ఒక్క జ్ఞానం, ఆ 139.7, నా మీదే తిరగబడింది.

పోనీ, అల్లాయ్ మీదే కొత్తగా ఆరు బొక్కలు వేద్దామన్నాను. ఆయన సుద్ద బొమ్మనే మళ్లీ చూపించాడు. ఒకటి ఉమ్మడి, అది పోను పది బొక్కలు. కొన్నిచోట్ల రెండు బొక్కల మధ్య గోడే ఉండదు. "జల్లెడ కావాలంటే సంతలో దొరుకుతుంది" అన్నాడు. మందమైన అడాప్టర్ ఏదో తిప్పలు పడి చేయొచ్చట గానీ, చక్రం అంత మేర బయటికి పొడుచుకొస్తుంది, టమాటా బాక్సుల బరువంతా బేరింగు మీద వేలాడుతుంది.

ఆ తర్వాత తల ఎత్తకుండానే అడిగాడు: "స్టెప్నీకి ఎన్ని బొక్కలు?"

ఆరు. దాన్ని మార్చాలన్న ఆలోచనే రాలేదు.

"రేత్రిపూట మొగిలి ఘాట్‌లో పంచరైతే ఏం చేస్తావు?"

జవాబు లేదు. ఐదు బోల్టుల పళ్లెం మీద ఆరు బొక్కల స్టెప్నీ పట్టుకుని కూర్చున్న నన్ను నేనే చూసుకున్నాను. పక్కన చీకటి. ఇటు కౌండిన్య అడవి, ఆ అడవిలో ఏనుగులు. మా పొలాల మీదికి అవి రావడం మాకు వార్త కూడా కాదు. వాటిని తరమడానికి కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులు వచ్చింది 2025లో, అంటే నా పంచరుకు అందవు.

స్టెప్నీ అన్నది అసలు ఒక వీధి పేరు. వేల్స్ దేశంలో లనెల్లి అనే ఊళ్లో స్టెప్నీ వీధి ఉంది. 1904లో అక్కడి డేవిస్ సోదరులు టైరుతో ఉన్న అదనపు రిమ్ము ఒకటి చేశారు. పంచరైన చక్రాన్ని ఊడదీయకుండా, దాని పక్కనే కొక్కేలతో తగిలించుకుని పోవచ్చు. బొక్కల గొడవే లేదు. నాకు ఆ అన్నదమ్ములు చాలా ముందు పుట్టేశారనిపించింది.

సాయంత్రానికి పాత ఇనుప చక్రాలే మళ్లీ బిగించాం. ఆరు నట్లూ ఎదురెదురుగా, పద్ధతిగా. వాటికి వెండిరంగు కొట్టించాను. ఖర్చు ఎంతో మా ఆవిడకు చెప్పలేదు, ఆమె అడగలేదు. అడగకపోవడమే కష్టంగా ఉంది.

ఆ నాలుగు అల్లాయ్‌లూ పశువుల కొట్టంలో గోడకు ఆనించి ఉన్నాయి. మా అమ్మ ఒకదాని మీద రోజూ గంప పెట్టుకుంటోంది. గీతలు పడలేదు, టైరు ఎక్కించి ఒక్క గజం కూడా నడపలేదు. జిప్సీ ఉన్నవాళ్లెవరైనా పలమనేరు వైపు వస్తే చూసుకుని తీసుకుపోవచ్చు. ధర మాట్లాడుకుందాం. బయలుదేరే ముందు మీ బండికి బోల్టులు ఎన్నో ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టుకుని రండి.