ముందు మామిడిపండు, వెనక నీళ్లు

(కిరాణా కొట్టు. గల్లాపెట్టె వెనక తూకం తిరుపతయ్య, ముందు ప్యాకెట్లకు బొమ్మలు వేసే డబ్బా దేవరాజు.)

దేవరాజు: నీ కొట్టులో సరుకు అమ్మేది నువ్వనుకుంటున్నావేమో బాబాయ్, నేను! డబ్బా మీద రసం కారే మామిడిపండు వేశానంటే బడి వదిలిన పిల్లాడు నీ మొహం కూడా చూడడు. అయినా మమ్మల్ని తిడతారేం? ప్యాకెట్ సరుక్కి కాపలా, కొనేవాడికి సమాచారం.

తిరుపతయ్య: కాపలా ఒప్పుకున్నాను. విడిగా అమ్మిన రోజుల్లో కారంలో ఇటికపొడి కలిపిన ఘనులున్నారు. మా కొట్లవాళ్లేం హరిశ్చంద్రులు కారు. సమాచారం దగ్గర మాత్రం ఆగు. ఆ డబ్బా వెనక్కి తిప్పు. పదార్థాల పేర్లు బరువు ఎక్కువున్నదాంతో మొదలుపెట్టి వరసగా రాయాలని నిబంధన. మామిడి పానీయాల్లో మామూలుగా మొదటి పేరు నీళ్లది. మరి ముందువైపు బిందె బొమ్మ వేయలేదేం నాయనా? నారింజల్ని ఎర్ర వలసంచిలో పోసేదీ కొనేవాణ్ణి ఇలా మాయ చేయడానికే. వల రంగు పండుకి అంటినట్టు కంటికి తోస్తుంది. సంచి విప్పేది ఇంటికెళ్లాక కదా!

దేవరాజు: కొనేవాడు వెర్రివాడా? తిప్పి చదువుకోవచ్చు. చేతులు కట్టేశామా?

తిరుపతయ్య: కట్టక్కర్లేదు. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో ఫోను, వెనక నలుగురు. ఆ తొందరలో కన్ను రంగునీ ధరనీ గుర్తుపడుతుంది, గ్రాముల్ని కాదు. అది తెలిసే, అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ అయిదు రూపాయల్లోనే ఉండి లోపల చిక్కిపోతూ వచ్చింది. ధర పెంచితే గోల. గ్రాములు తగ్గిస్తే నిశ్శబ్దం. గ్రాముకెంతో కూడా అచ్చువేయమని నిబంధన తెచ్చారు. వేశారు, చీమ చదువుకునేంత అక్షరాల్లో! నా మాట నమ్మకపోతే సర్కారు సాక్ష్యం విను. పొగ మాన్పించాలనుకున్నప్పుడు హెచ్చరికను మూలకి తోయలేదు. 2016 నుంచి సిగరెట్ పెట్టె రెండువైపులా 85 శాతం చోటు దానికే. ఆస్ట్రేలియావాళ్లు 2012లో కంపెనీల రంగులన్నీ ఊడ్చేసి అన్ని పెట్టెలకూ ఒకే బురదరంగు పులిమించారు. అట్ట ఒట్టి కాపలాదారే అయితే, దాని రంగుల కోసం కంపెనీలు అక్కడి అత్యున్నత న్యాయస్థానం దాకా ఎందుకెళ్లాయి? వెళ్లి ఓడిపోయాయనుకో.

దేవరాజు: ఇంత తెలిసినవాడివి, గల్లా పక్కన ఆ చాక్లెట్ల దండలెందుకు వేలాడదీశావు?

తిరుపతయ్య: చిల్లర లెక్కపెట్టేలోగా పిల్లాడి చెయ్యి ఊరుకోదుగా.

దేవరాజు: అలా అన్నావు, బాగుంది! మన కందిపప్పు ప్యాకెట్ మీద నీ పాత తక్కెడ బొమ్మ వేసి, కింద ‘నిజాయితీ తూకం’ అని రాస్తాను. మళ్లీ మళ్లీ అడుగుతారు.

తిరుపతయ్య: ఎంత పెడతావు?

దేవరాజు: ముందువైపంతా!

తిరుపతయ్య: బొమ్మ కాదురా, పప్పు.