పాముచెవుల పెద్దమనుషులు

న్యూజెర్సీలో మావాడొకడున్నాడు. తెనాలి వాడే. జాజ్ వింటాడు. వింటాడనడం తప్పేమో, రికార్డులకు జాతకం చెబుతాడు. ముల్లు ప్లేటు మీద ఆనగానే కళ్లు మూసుకుని, "ఇది తర్వాతి ముద్రణరా, ప్రాణం లేదు" అని తేల్చేస్తాడు. గోడలోంచి వచ్చే కరెంటు తీగ మారిస్తే కోల్ట్రేన్ సాక్సఫోన్‌లో వెచ్చదనం పెరుగుతుందట. వెచ్చదనం పకోడీల్లో చూసుకునే వంశం మాది, నాకేం తెలుస్తుంది?

ఇలాంటి వాళ్లవి పాముచెవులని లోకం ఒప్పుకుంది. పాముకి అసలు చెవులే కనబడవని చిన్నప్పుడు సైన్సు మాస్టారు చెప్పిన మాట మాత్రం నన్ను వదలడం లేదు.

మైల్స్ డేవిస్ జాజ్ రికార్డు 'కైండ్ ఆఫ్ బ్లూ' సంగతే చూడండి. 1959 మార్చి 2న న్యూయార్కులో, కొలంబియా వాళ్ల 30వ వీధి స్టూడియోలో, మొదటి వైపు మూడు పాటలూ రికార్డు చేశారు. ఆ రోజు అసలు టేపు మిషను కాస్త నెమ్మదిగా నడిచింది. నెమ్మదిగా పట్టినదాన్ని మామూలు వేగంతో తిప్పితే ఏమవుతుంది? పాట పరుగందుకుంటుంది, శ్రుతి పైకెక్కుతుంది. వాద్యం పట్టుకుని దాంతోపాటు వాయించబోతే కలవదు. పక్కనే సరైన వేగంతో నడిచిన మరో మిషను టేపు భద్రంగా ఉంది గానీ, దాని ముఖం చూసినవాడు లేడు. 1992లో దాన్ని తీసి సరిచేసిన డిస్కు వేసేదాకా లోకమంతా విన్నది తప్పు శ్రుతినే.

ముప్ఫై మూడేళ్లు! ఈ ముప్ఫై మూడేళ్లలో ఎన్ని సమీక్షలు, ఎన్ని స్పీకర్ల పోటీలు! ఏ ముద్రణలో బాసు నిండుగా ఉంది, ఏ ముల్లుకి సింబల్ మెరుపు తేలింది అని ఎన్ని తగాదాలు! నేనైతే ఆ రికార్డును మొదట విన్నది పక్కింటి కుర్రాడిచ్చిన క్యాసెట్‌లో. నా టేప్‌రికార్డరు ఎప్పుడూ తన ఇష్టమొచ్చిన వేగంతోనే నడిచేది కాబట్టి నాకు పేచీ లేదు. మొదటి పాటలో చేంబర్స్ బాసు అడగడం, మిగతావాళ్లు జవాబివ్వడం, మైల్స్ అందుకునే క్షణాన జిమ్మీ కాబ్ సింబల్ మీద కొట్టే ఆ ఒక్క దెబ్బ. ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అది ఏ వేగంలోనైనా జలదరిస్తుంది.

ఇక బ్లూ నోట్ అనే జాజ్ రికార్డుల కంపెనీ భక్తులు. వీళ్లకి సంగీతం కన్నా చిరునామా ముఖ్యం. లేబుల్ మీద '47 వెస్ట్ 63' అని ఉండాలి, దాని పక్కన 'ఇంక్' అనే ముక్క ఉందా లేదా అని భూతద్దం పెట్టాలి. పాట అయిపోయిన చోట, నున్నటి భాగంలో, ప్రెస్సు వాళ్లు చెక్కిన 'పి' అక్షరం వెతకాలి. అది చెవి ఆకారంలో ఉంటుందని దానికి 'చెవి' అనే పేరు పెట్టుకున్నారు. ప్లేటుకే చెవి ఉన్నాక కొన్నవాడి చెవితో పనేముంది? ఆ రికార్డులు చేసిన రూడీ వాన్ గెల్డర్, హాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల హాల్లో మైకులు పెట్టి రాత్రిళ్లు సంగీతం పట్టేవాడు. పగలు కళ్లు పరీక్షించి అద్దాలు రాసిచ్చేవాడు. ఆయన రికార్డుల్ని ఇవాళ కళ్లతో వింటున్నారంటే వృత్తిధర్మం ఎక్కడికి పోతుంది!

అయినా ఈ పాముచెవుల వాళ్లందరికీ అసలు పరీక్ష 2022లో జరిగింది. మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికా కంపెనీ పాత రికార్డుల్ని అసలు టేపుల నుంచి మళ్లీ ముద్రించి, కొన్నిటిని వంద డాలర్లకూ ఆపైనా అమ్మేది. డిజిటల్ అన్నది మైల తగిలినట్టు చూసే మావాడి లాంటివాళ్లకి అవి తీర్థప్రసాదాలు. తీరా చూస్తే మధ్యలో డిజిటల్ మెట్టు ఒకటుందని, అదీ 2011 నుంచే ఉందని బయటపడింది. పదకొండేళ్లు మైలపడ్డ ప్రసాదం తిని, ఎవరికీ కడుపునొప్పి రాలేదు. తెలిసిన మర్నాటి నుంచి మాత్రం అందరికీ వచ్చింది. కోర్టుకెక్కారు. రెండున్నర కోట్ల డాలర్ల దాకా రాజీ కుదిరింది. చెవికి తెలియని తేడా వకీలుకి తెలిసింది.

మావాడికి ఫోన్ చేశాను.

"ఏరా, పదకొండేళ్లలో నీకెప్పుడూ తేడా అనిపించలేదా?"

"అనిపించింది. కానీ బయటికి చెప్పలేదు," అన్నాడు.

ఈ మధ్యే 'కైండ్ ఆఫ్ బ్లూ' మొదటి ముద్రణ కొన్నాడు, లేబుల్ మీద ఆరు కళ్ల గుర్తులున్నది. అక్కడ చెవి, ఇక్కడ కళ్లు, ముఖం పూర్తవుతోంది. ఎంతకు కొన్నావంటే భార్య పక్కనే ఉందన్నాడు.

"అది తప్పు శ్రుతిలో ఉన్నది కదరా?"

"అదేరా దాని అందం! సరిచేసిన డిస్కు నా దగ్గరుంది. మరీ శ్రుతిలో ఉంటుంది, వినలేం."